నా పేరులోని నాలుగు

నేను యురేనియం గింజను. నల్లగా, ఇసుక రేణువంత ఉంటాను. ఆమ్రాబాద్ పీఠభూమి లోపల, అడుగున ఉన్న గ్రానైటూ దానిమీద పరుచుకున్న శ్రీశైలం క్వార్ట్‌జైటూ కలిసే చోట నా నివాసం. పైన నల్లమల అడవి, పులులు, చెంచు పెంటలు. నా వాళ్లను నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టుల్లో ఎప్పుడో కనిపెట్టారు.

నా పూర్తి పేరు యురేనియం (4) ఆక్సైడ్. పుస్తకాల్లో ఆ నాలుగును రోమన్ అంకెల్లో వేస్తారు. నాలోని ప్రతి యురేనియం నాలుగు ఎలక్ట్రాన్లు వదులుకుని నాలుగు ధనావేశాలతో ఉందని దాని అర్థం. ఆక్సైడుకు రెండు రుణావేశాలు. హైస్కూలు పిల్లలు క్రిస్-క్రాస్ పద్ధతిలో ఒకదాని ఆవేశాన్ని ఇంకోదాని కింద వేస్తే యు₂ఓ₄ వస్తుంది. అక్కడే ఆగకండి. రెండుతో కొట్టేస్తే యుఓ₂, అదీ నా ఫార్ములా. సోడియానికి, కాల్షియానికి పేరులో అంకె అక్కర్లేదు, వాటి ఆవేశం మారదు. ఇనుముకీ రాగికీ నాకూ అంకె లేకపోతే మేము ఏ స్థితిలో ఉన్నామో ఎవరికీ తెలియదు.

మొదట్లో నేనిలా లేను. గ్రానైటులో అక్కడక్కడా చెదిరి ఉండేదాన్ని. ఆక్సిజన్ కలిసిన నీళ్లు పగుళ్లలోకి దిగి నా దగ్గర ఇంకో రెండు ఎలక్ట్రాన్లు లాక్కున్నాయి. ఆవేశం ఆరైంది. అంత ఆవేశంతో నీళ్లలో ఒంటరిగా నిలవలేక రెండు ఆక్సిజన్లను గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు నా పేరు యురేనిల్. రాస్తే మళ్లీ యుఓ₂ అనే అక్షరాలే, కానీ పైన రెండు ధనావేశాలు మిగిలాయి: ఆరులోంచి ఆక్సిజన్ల నాలుగు తీసేస్తే రెండు. ఆ మూలనున్న గుర్తును చూడకుండా చదివితే కదలని రాయికీ పారే అయానుకీ తేడా తెలియదు. నీళ్లలోని కార్బొనేట్లు నన్ను జత చేసుకుని దూరం మోసుకెళ్లాయి. చివరికి ఈ రాతి గీత దగ్గర పైరైటు లాంటి ఖనిజాలు తగిలాయి. పోయిన రెండు ఎలక్ట్రాన్లూ తిరిగొచ్చాయి. మళ్లీ నాలుగయ్యాను, గడ్డకట్టి నల్ల గింజనయ్యాను. నాలుగుతో ఉంటే రాయిని పట్టుకుని ఉంటాను, ఆరైతే నీళ్ల వెంట పోతాను.

పై లోకంలో నా పేరు కుదరడానికి చాలా కాలం పట్టింది. 1789లో జర్మనీలో క్లాప్రోత్ యురేనస్ గ్రహం పేరు నాకు పెట్టాడు. ఆయన చేతికి వచ్చింది లోహం కాదు, ఆక్సైడు. ఆ సంగతి 1841లో ఫ్రెంచి రసాయనవేత్త పెలిగో తేల్చాడు. యురేనియం (4) క్లోరైడు మీద పొటాషియాన్ని ప్రయోగించి అసలు లోహాన్ని బయటికి తీశాడు. నాలుగు క్లోరైడులను తీసుకోవడానికి నాలుగు పొటాషియాలు కావాలి. 1896లో బెకరెల్ రేడియోధార్మికతను కనిపెట్టింది పొటాషియం యురేనిల్ సల్ఫేటుతో. దాని ఫార్ములా కె₂యుఓ₂(ఎస్‌ఓ₄)₂. లెక్క వేసి చూడండి: పొటాషియాలవి రెండు, యురేనిల్‌వి రెండు, సల్ఫేట్లవి మైనస్ నాలుగు. మొత్తం సున్నా. సల్ఫేటు చుట్టూ బ్రాకెట్ ఎందుకు పెడతారో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

నల్లగొండ వాళ్ల ఎముకలను వంచిన ఫ్లోరైడు కూడా నాకు పరాయిది కాదు. కాల్షియం ఫ్లోరైడుదీ (సీఏఎఫ్₂) నాదీ ఒకే స్ఫటిక నిర్మాణం. అక్కడ ప్రతి కాల్షియం చుట్టూ ఎనిమిది ఫ్లోరైడులు, ఇక్కడ ప్రతి యురేనియం చుట్టూ ఎనిమిది ఆక్సైడులు. ఫార్ములాలోని ఒకటికి రెండు అన్నది విడి అణువు లెక్క కాదు, స్ఫటికమంతటా నిలిచే నిష్పత్తి.

2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ ఆమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆమ్రాబాద్, పదర జనం, చెంచులు రోడ్డెక్కారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ జనం భయం వెనక నా రసాయనం ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఖనిజాన్ని కార్బొనేటు ద్రావణంతో, ఆక్సిజన్‌తో కరిగిస్తారు, అంటే నాలుగును ఆరు చేస్తారు. చివరికి వచ్చేది సోడియం డైయురేనేటు, ఎన్‌ఏ₂యు₂ఓ₇. ధనావేశాలు రెండూ పన్నెండూ కలిపి పద్నాలుగు, ఆక్సిజన్లవీ పద్నాలుగే. మిల్లులో చేసే ఈ పనిని తెరిచిన రాతి లోపల గాలీ నీరూ తమంతట తామే, నెమ్మదిగా చేస్తాయి. అందుకే నన్ను కదిలించవద్దని అడిగినవాళ్ల పక్షం నేను.

తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇక్కడి గ్రానైటులో బోరు వేసుకున్నవాళ్లు నీటి నమూనా ఇచ్చేటప్పుడు ఫ్లోరైడుతో పాటు యురేనియం కూడా చూడమని రాసివ్వండి.