పొట్టి కామ పార ఆత్మకథ

కాలిఫోర్నియా కూరగాయల పొలాల్లో మెక్సికో కూలీలు ‘ఎల్ కోర్టీటో’ అని పిలుచుకున్న పొట్టి కామ పార గురించి అర్జీల్లోనూ కోర్టు తీర్పులోనూ ఎందరో రాశారు గాని దాని మాట అడిగినవారు లేరు. అందువల్ల తన కథను తానే చెప్పుకుంటున్నప్పటికీ అది ఆ దస్తావేజుల పద్ధతినే పాటించి, తనను ‘ఈ పార’ అనే పేర్కొంటుంది.

ఈ పార కామ పొడవు అడుగు, మహా అయితే రెండడుగులు. సాలినస్ లోయలో లెట్యూస్ అనే ఆకుకూరను ఒత్తుగా విత్తి, మొలకెత్తాక మొక్కకూ మొక్కకూ మధ్య తగిన ఎడం ఉండేలా తక్కినవాటిని చెక్కివేసేవారు. పలచన చేయడం అనే ఆ పనికీ, కలుపు తీతకూ ఈ పారను వాడేవారు. కామ పొట్టిగా ఉంటే కూలీ కన్ను మొక్కకు దగ్గరగా ఉండి పంట నష్టం తగ్గుతుందని యజమానులు చెప్పిన మాటలో కొంత నిజం ఉండవచ్చు గాని, పొడుగు కామతోనే అదే పని చేయించుకున్న రైతులూ అమెరికాలో ఉండేవారు. పొద్దస్తమానం వంగి కదిలే వరుసలో ఎవరు నడుము ఎత్తినా గట్టు మీది మేస్త్రీకి ఇట్టే కనబడేవారు. ఈ పారకు అసలు గిరాకీ అక్కడ పుట్టింది.

అంతగా వంగడానికి మనుషులు ఎందుకు ఒప్పుకున్నారో చట్టాలు చెబుతాయి. సంఘం పెట్టుకుని బేరమాడే హక్కును కార్మికులకు ఇచ్చిన 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం వ్యవసాయ కూలీలను వదిలేసింది. కనీస వేతనాన్ని నిర్ణయించిన 1938 నాటి చట్టమూ వాళ్లను వెలుపలే ఉంచింది. యుద్ధకాలపు కూలీల కొరతను కారణంగా చూపి 1942లో అమెరికా, మెక్సికో ప్రభుత్వాలు కుదుర్చుకున్న బ్రసేరో పథకం, అంటే మెక్సికో పురుషులను స్వల్పకాలిక ఒప్పందాల మీద పొలాలకు రప్పించే ఏర్పాటు, యుద్ధం ముగిసినా ఆగక 1964 చివరిదాకా సాగింది. దాని కింద సుమారు 46 లక్షల ఒప్పందాలు జరిగాయి. కూలి, వసతి గురించి పత్రంలో హామీలు ఉన్నా, ఎవరి పేర రప్పించారో వారి దగ్గరే పని చేయాలనీ, ఎదురు తిరిగితే ఇంటిదారి పట్టవలసి వస్తుందనీ తెలిసిన మనిషి ఈ పారను కింద పడేయలేడు. ఏటా మూడు లక్షలకు పైగా కొలువులకు ఆమోదం పొందుతున్న నేటి హెచ్-2ఏ వ్యవసాయ వీసాలోనూ కూలీ యజమానికి కట్టుబడే ఉంటాడు.

బ్రసేరో పథకం పోతే స్థానికుల కూలి పెరుగుతుందని కార్మిక సంఘాలు వాదించాయి. వ్యవసాయ కూలీల నాయకుడు సెసార్ చావెజ్ కూడా దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. యజమానులేమో ఈ పనికి అమెరికన్లు రారని, పంట చేలోనే కుళ్లిపోతుందని అన్నారు. మైకేల్ క్లెమెన్స్, ఈథన్ లూయిస్, హానా పోస్టెల్ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పథకం రద్దయ్యాక బ్రసేరోలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో కూలి రేట్లు ఇతర రాష్ట్రాల కంటే వేగంగా ఏమీ పెరగలేదు. వీలున్న పంటలకు యంత్రాలు వచ్చాయి, వీలుకాని కొన్నింటి సాగు తగ్గింది. లెట్యూస్ మాత్రం మనిషి చేతినే కోరింది, ఆ చేతిలో ఈ పార అలాగే ఉండిపోయింది. బయటివారు రావాలా వద్దా అన్న తగవులో, వచ్చినవారికి కాదనే హక్కు ఉందా అన్న ప్రశ్న ఇరుపక్షాల నోటా అరుదుగానే వినిపించిందని ఈ పార అభిప్రాయం. బ్రసేరో పథకం ముగిసిన మరుసటి ఏడు, 1965లో వచ్చిన అమెరికా వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను తీసివేసి, తెలుగు వైద్యులకూ ఇంజనీర్లకూ తలుపు తెరిచింది. మెక్సికో ఉన్న పశ్చిమార్ధగోళపు వలసకు తొలిసారిగా ఏటా 1,20,000 అనే పరిమితి విధించినదీ అదే చట్టం. (తెలుగువారు చెప్పుకునే అమెరికా కథలో ఈ రెండో సగం సాధారణంగా ఉండదు.)

వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్లలు దెబ్బతిని, నడివయసుకే నడుము పడిపోయిన కూలీల తరఫున, కాలిఫోర్నియా రూరల్ లీగల్ అసిస్టెన్స్ అనే న్యాయ సహాయ సంస్థకు చెందిన మారిస్ జోర్డేన్ ప్రభృతులు ఈ పారను నిషేధించాలని రాష్ట్ర పారిశ్రామిక భద్రతా విభాగాన్ని కోరారు. ప్రమాదకరమైన చేతి పనిముట్లను నిషేధించే నియమం తయారీ లోపమో, అరుగుదలో ఉన్నవాటికే వర్తిస్తుందని చెప్పి ఆ విభాగం అర్జీని తోసిపుచ్చింది. రేకు గట్టిది, కామ నునుపైనది. ఈ పారలో లోపమల్లా దాని కొలతే, ఆ కొలత ఎవరి సౌకర్యం కోసం కుదిరిందో నియమంలో రాసి లేదు. పనిముట్టును వాడవలసిన తీరులో వాడినప్పుడే హాని కలిగితే అదీ ప్రమాదకరమైనదే కాగలదని 1975 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చగా, అదే ఏడు వసంతంలో ఈ పార నిషిద్ధమైంది.

యజమానులు భయపెట్టినట్లు లెట్యూస్ సాగు కూలిపోలేదు, పొడుగు కామతో నడిచింది. అయితే నిషేధం పార మీదే గాని వంగడం మీద కాదు గనుక, కొన్ని పొలాల్లో ఏ పనిముట్టూ ఇవ్వకుండా ఉత్త చేతులతో కలుపు పీకించారు. దానిపై రాష్ట్రం ఆంక్షలు పెట్టడానికి 2004 దాకా పట్టింది. అప్పుడు కూడా, రసాయనాలు లేని ఆకుకూరలకు ఎక్కువ ధర చెల్లించే కొనుగోలుదారుల కోసం పండించే సేంద్రియ పొలాలకు మినహాయింపు ఇచ్చారు.