లేబర్ చార్జీలు అదనం

కారు పుట్టుకతోనే లోపంతో పుడితే గ్యారేజీ బిల్లు ఎవరు కట్టాలి? ఇదీ ఒక ప్రశ్నేనా! కొన్నవాడే కట్టాలి. షోరూంలో అన్ని కార్లుండగా సరిగ్గా దాన్నే ఏరుకుని, లోను పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నదెవరు? కంపెనీ వాళ్లేమీ అర్ధరాత్రి వచ్చి మన గుమ్మంలో వదిలేసి పోలేదు కదా.

సర్వీస్ సెంటర్ వాళ్లు ఈ సూత్రాన్ని గోడ మీద రాయరు, జాబ్ కార్డులో రాస్తారు. నడుస్తున్న బండి నడిరోడ్డు మీద ఆగిపోతోందని చెప్పి చూడండి. అడ్వైజర్ కుర్రాడు దాన్ని ‘కస్టమర్ కంప్లయింట్’ గడిలో రాసుకుంటాడు. అంటే అది మీరన్న మాట, వాళ్లొప్పుకున్న మాట కాదు. లాప్‌టాప్ తగిలిస్తారు. దానికి లోపమేమీ కనపడదు. బిల్లులో స్కానింగ్ చార్జీ మాత్రం స్పష్టంగా కనపడుతుంది. పెట్రోలు కల్తీదై ఉండొచ్చు, ఎలకలు వైర్లు కొరికి ఉండొచ్చు, బయట మెకానిక్ ఎవరో చెయ్యి పెట్టి ఉండొచ్చు, మీ డ్రైవింగే అలాంటిదై ఉండొచ్చు. ఒక్క ఫ్యాక్టరీ మాత్రం ఏ పాపమూ ఎరగదు. చివరికి ఎలాగో పార్టే పోయిందని తేలితే, కుర్రాడు గొంతు తగ్గించి వరమిస్తాడు: “వారంటీ దాటి రెండు నెలలైంది సార్. అయినా గుడ్‌విల్ కింద పార్టు కంపెనీ ఇస్తుంది. లేబర్ మాత్రం మీరు పెట్టుకోండి.” ఫ్యాక్టరీలోనే పుట్టిన లోపం వారంటీ తేదీ దాటాక బయటపడితే, ఆలస్యానికి అపరాధ రుసుం మనదే.

పోనీ విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళదామా? అక్కడ తలపండిన మెకానిక్ బానెట్ ఎత్తకముందే చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడు. కానీ ఆయన స్పానర్ తగిలిందని తెలిస్తే, వారంటీ ఇంకా మిగిలి ఉంటే దాని మీద కూడా పేచీ మొదలవుతుంది. బీమా ఉంది కదా అంటారా? మామూలు మోటారు పాలసీ మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి పైసా ఇవ్వదు. డీలరును నిలదీస్తే తయారు చేసింది మేం కాదంటాడు. కంపెనీని నిలదీస్తే అమ్మింది మేం కాదంటుంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ గంప మొత్తం మన నెత్తినే.

కొనుగోలుదారుడి మీదకు తోసే ఈ విద్య మనవాళ్లొక్కరి సొత్తే అనుకోకండి. అమెరికాలో జనరల్ మోటార్స్ చేసిన కోబాల్ట్ కారుకు ఇగ్నిషన్ స్విచ్‌లో పట్టు చాలక, మోకాలు తగిలినా, కీచైన్ బరువుకి లాగినా, నడుస్తుండగానే ఇంజిన్ ఆగిపోయేది. స్టీరింగ్ బిగుసుకునేది, ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. 2005లో కంపెనీ డీలర్లకు పంపిన బులెటిన్‌లో చికిత్స ఏమిటో తెలుసా? కస్టమర్ కీచైన్‌లోంచి అనవసరమైన బరువులు తీసేయమని చెప్పండి! అంటే లోపం స్విచ్‌లో లేదు, మన ఇంటి తాళాల్లోనూ, బీరువా తాళాల్లోనూ ఉంది. తర్వాత స్విచ్‌ను గుట్టుగా మార్చారు, పార్టు నంబరు మాత్రం మార్చలేదు. ఎందుకు మార్చారని ఎవరైనా అడుగుతారేమోనని కాబోలు. రీకాల్ మొదలైంది 2014లో. దాదాపు 26 లక్షల బండ్లు. కంపెనీ పెట్టిన పరిహార నిధే ఒప్పుకున్న మరణాలు 124. ఆ పార్టును సరిచేయడానికి బండికి డాలరు కూడా అయ్యేది కాదు.

మన దగ్గర రీకాల్ ప్రకటనలు చదివితే కళ్లు చెమరుస్తాయి. ‘స్వచ్ఛందంగా’ వెనక్కి పిలుస్తున్నారట, లోపమున్న పార్టును ‘పూర్తి ఉచితంగా’ మారుస్తారట. మన డబ్బు తీసుకుని మనకిచ్చిన చెడ్డ సరుకును మంచి సరుకుగా మార్చడం అన్నదానం జాబితాలోకి ఎప్పుడు చేరిందో మరి! బండి వదిలి రావడానికి ఒక పూట సెలవు, తిరిగి తెచ్చుకోవడానికి ఇంకో పూట, మధ్యలో ఆటో చార్జీలు. అవి ఆ ఉచితంలోకి రావు.

చట్టం లేదా అంటే, ఉంది. కాగితం మీద కర్ణుడే. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఏ సెక్షన్ ప్రకారం, ప్రమాదకరమైన లోపం ఉన్న బండిని ప్రభుత్వం వెనక్కి పిలిపించవచ్చు, కంపెనీ పూర్తి ధర తిరిగివ్వాలి, లేదా బండి మార్చివ్వాలి, లేదా బాగుచేసివ్వాలి. అయితే ఫిర్యాదుల మీద అది కదలాలంటే, ముందు నిర్ణీత సంఖ్యలో యజమానులు మొరపెట్టుకోవాలి. ఒక్కడి బండి ఆగితే అది వాడి జాతకం. చాలామందివి ఆగితేనే లోపం.

అసలు రసమంతా వినియోగదారుల చట్టంలో ఉంది. లోపం పైకి కనపడేది కాకపోతే కమిషన్ సరుకును ల్యాబ్‌కి పంపుతుంది. ఆ పరీక్ష రుసుము ముందుగా ఎవరు జమ చేయాలి? ఫిర్యాదు చేసినవాడు! 1986 నాటి చట్టంలోని ఈ ముక్కను 2019 కొత్త చట్టంలో దుమ్ము దులిపి మరీ దాచుకున్నారు. డ్రాయింగులు కంపెనీ దగ్గర, టెస్ట్ రిపోర్టులు కంపెనీ దగ్గర, దేశమంతటి సర్వీస్ రికార్డులు కంపెనీ దగ్గర. రుజువు చేయాల్సింది, ఈఎంఐ రశీదులు తప్ప ఏమీ లేని మనం.

ఒక చిన్న మార్పు చేసి చూడండి. ల్యాబ్ ఫీజు, స్కానింగ్, టోయింగ్, లేబర్ అన్నీ ముందు కంపెనీ కట్టాలి. లోపం లేదని తేలితే నేను వడ్డీతో సహా తిరిగి ఇస్తాను, పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపి. అంతవరకూ ఆ ఖర్చును వాళ్లు నా పేరు మీద గుడ్‌విల్ అని రాసుకోవచ్చు. ఆ తర్వాత ఫీడ్‌బ్యాక్ కాల్ చేస్తే పదికి పది మార్కులు కూడా వేస్తాను, ఉచితంగానే, స్వచ్ఛందంగానే.