జ్వరమా, జనవరిలో రా!

ఈఎస్ఐ కార్డు చేతికొచ్చినవాడు ముందు నేర్చుకోవాల్సింది జ్వరానికి ముహూర్తం పెట్టుకోవడం. ఏప్రిల్ 1న కొలువులో చేరినవాడి జీతంలోంచి చందా అప్పట్నుంచే కోస్తారు. సిక్‌నెస్ బెనిఫిట్ తలుపు మాత్రం జనవరి 1న తెరుచుకుంటుంది. అదీ సెప్టెంబరు ఆఖరుకి చందా పడిన రోజులు 78 ఉంటేనే. 77 ఉంటే? మందుబిళ్లలిస్తారు, పైసలివ్వరు.

ఇక అసలు లెక్క. జీడిమెట్లలో నెలకు రూ.18,000 జీతగాడిని తీసుకోండి. రోజుకు 600. మంచాన పడితే అందులో 70 శాతం, అంటే 420, ఏడాదిలో 91 రోజుల వరకు. ఉద్యోగమే ఊడితే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగం, అంటే 300. రోగికి 420, నిరుద్యోగికి 300! కొలువు పోయేలా ఉందని పసిగట్టినవాడు బయోడేటా రాసుకోవాలా, దోమతెర విప్పేయాలా? (2018లో పెట్టినప్పుడు ఇది పావలా వంతే. అర్ధరూపాయి చేయడానికి కరోనా దిగి రావాల్సొచ్చింది.)

ఆ 300 కూడా గరిష్ఠంగా 90 రోజులు, జన్మకు ఒక్కసారే. రెండోసారి ఉద్యోగం పోగొట్టుకోవడం ప్రభుత్వం దృష్టిలో దురలవాటు కాబోలు! కాబట్టి యజమానులారా, మీకో విన్నపం: పీకేవాళ్లను ఒక్కసారే పీకండి, విడతలవారీగా వద్దు.