జింకకి ఐదో కాలు

మా అపార్ట్‌మెంట్‌లో మనుషుల పేర్లు పోయి చాలాకాలమైంది. అందరం నంబర్లమే. "203 మేడం వాళ్లింట్లో వ్రతమట", "302 మాస్టారికి బీపీ ఎక్కువైందట", "404 గారి కారుకి ఎవరో గీత పెట్టారట". లిఫ్టులోనూ ఇవే పిలుపులు, వాట్సాప్ గ్రూపులోనూ ఇవే. నంబరు లేనివాడు వాచ్‌మన్ ఒక్కడే. మెట్ల కింద గదికి నంబరు వేయాలని ఎవరికీ తోచలేదు.

ఉండేది నల్లగండ్ల వైపు. డాబా ఎక్కితే సెంట్రల్ యూనివర్సిటీ పచ్చదనం కనిపిస్తుంది. గేటు బయట ఓ వేపచెట్టు ఉండేది. పునాదులు తవ్వినప్పుడు బిల్డరు దాన్ని ఊరికే వదల్లేదనీ, బ్రోషర్‌లో దాని ఫొటో వేసి చదరపు అడుక్కి ఇంతని మన దగ్గరే వసూలు చేశాడనీ 302 మాస్టారి అనుమానం. దాని కింద ఇస్త్రీ బండి, వాచ్‌మన్ కుర్చీ, డెలివరీ కుర్రాళ్ల బైకులు. పై కొమ్మకి మా అందరి ఇంటర్నెట్ కేబుల్. కనెక్షన్ ఇచ్చిన రోజున స్తంభం దూరమైందని ఆ కంపెనీవాళ్లు కొమ్మకే రెండు చుట్లు చుట్టి, ప్లాస్టిక్ ట్యాగు బిగించి వెళ్లిపోయారు. హైదరాబాద్‌లో ఇదేం వింత? నెట్ తీగలు మోయని చెట్టు ఈ నగరంలో ఇంకా ఎదగలేదని అర్థం.

2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం పడింది. పచ్చడికి పువ్వు కావాలని పొద్దున్నే అందరం చెట్టు కింద చేరాం. వాచ్‌మన్ ఎక్కి కొమ్మలు వంచితే కింద స్టీలు గిన్నెలు పట్టుకుని నిలబడ్డాం. పచ్చడి తిని, పంచాంగం విని, కునుకు తీసి లేచేసరికి ఫోన్ల నిండా ఒకటే వార్త. యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి.

ఆ భూమి కథ పాతదే. 2004లో ఓ క్రీడల సంస్థకి ఇచ్చారు, 2006లో రద్దు చేశారు, కోర్టుల్లో ఏళ్లకేళ్లు నలిగి 2024లో ప్రభుత్వానికే ఖాయమైంది. కాగితం మీద అది అడవి కాదు. ఆ కాగితం సంగతి అక్కడుండే జింకలకీ, నెమళ్లకీ, నక్షత్ర తాబేళ్లకీ ఎవరూ చెప్పినట్టు లేదు. అడ్డం వెళ్లిన విద్యార్థుల్ని పోలీసులు ఈడ్చుకెళ్లి వ్యాన్లెక్కించారు. ఆదివారం ఉగాది, సోమవారం రంజాన్. కోర్టు తలుపు తట్టే వీల్లేని రోజులు చూసుకుని, రాత్రిళ్లు కూడా లైట్లు పెట్టుకుని యంత్రాలు నడిచాయి.

మా గ్రూపు అట్టుడికింది. వాళ్లది దొంగ బాధ అని నేననను. ఆ నెమళ్ల కేకలు మా డాబా మీదికి వినిపిస్తాయి. కానీ బాధని చెప్పుకోడానికి ఆ వారం చేతికందిన పరికరం వేరేది. అంతకు ఐదు రోజుల ముందే, మార్చి 25న, చాట్‌జీపీటీకి బొమ్మలేసే కొత్త విద్య వచ్చింది. ప్రపంచమంతా తన ఫొటోని జిబ్లీ బొమ్మగా మార్చుకునే పనిలో పడింది. ఆ తాకిడికి మా చిప్పులు కరిగిపోతున్నాయని కంపెనీ పెద్ద శామ్ ఆల్ట్‌మన్ మొత్తుకున్నాడు కూడా. మా 203 మేడం అప్పటికే తన పెళ్లి ఫొటోని, అత్తగారిని, కుక్కపిల్లని జిబ్లీ చేసేశారు. ఇప్పుడు జింకల మీద పడ్డారు. బుల్డోజర్ ముందు కన్నీళ్లు కార్చే జింక. పిల్లని రెక్కల కింద దాచుకున్న నెమలి. చేతులు జోడించిన తాబేలు. జిబ్లీ స్టూడియో పెట్టినవాళ్లలో ఒకడైన మియజాకి 1997లో 'ప్రిన్సెస్ మొనొనోకె' తీశాడు. అందులో అడవికీ, దాన్ని నరికి ఇనుము కాచే మనుషులకీ పోరాటం. ఆయన చేత్తో గీసిన అడవిని ఇప్పుడు చేయి లేని యంత్రం గంటకి నాలుగు చొప్పున 203 మేడంకి గీసిపెడుతోంది.

ఆ బొమ్మలూ గాల్లోంచి రావు. ఎక్కడో ఓ డేటా సెంటర్ కరెంటు తిని, నీళ్లు తాగి కంటుంది వాటిని. 2024లో ప్రపంచం వాడిన కరెంటులో నూటికి ఒకటిన్నర వంతు డేటా సెంటర్లకే పోయిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. ఆ మాటే తర్వాతెప్పుడో 302 మాస్టారు గ్రూపులో పెడితే ఒక్క బొటనవేలు కూడా లేవలేదు. బొమ్మ లేని మాట ఎవరు చూస్తారు?

ఆ మాస్టారి చేతే తప్పు జరిగింది. సోమవారం రాత్రి ఆయన ఓ ఫొటో పంపారు. చూపు తిప్పుకోలేని ఫొటో. పొగమంచు, వెనక పసుపుపచ్చ బుల్డోజర్, ముందు పరిగెడుతున్న జింకల మంద. "నిన్న రాత్రి తీసినది, గుండె రాయి చేసుకుని చూడండి" అని కింద రాశారు. అందరూ ఏడ్చారు, అందరూ పంచుకున్నారు. మర్నాడు డాలస్‌లో ఉన్న ఆయన మనవడు ఫోన్ చేశాడు.

"తాతయ్యా, ఎడమవైపు జింకకి కాళ్లు లెక్కపెట్టు."

ఐదున్నాయి.

మాస్టారు రెండు రోజులు మెట్లు దిగలేదు. సెక్రటరీ, అంటే 501 గారు, గ్రూపు అడ్మిన్ హోదాలో ఓ ప్రకటన చేశారు. "మనం చదువుకున్నవాళ్లం. ఇకనుంచి ఈ గ్రూపులో ఏఐ ఫొటోలు పెట్టరాదు. పెడితే తొలగించబడును." బొమ్మ అని తెలిసిపోయే బొమ్మలకి మినహాయింపు ఇచ్చారు, 203 మేడం నొచ్చుకుంటారని. అసలులా కనిపించే నకిలీలే నిషేధం. ఇక 404 గారు రంగంలోకి దిగారు. ఆయన సాఫ్ట్‌వేరు. దొంగ ఫొటో పట్టడం ఎలాగో పాఠం చెప్పారు. నీడలు ఎటు పడ్డాయో చూడాలి. షాపు బోర్డుల మీద అక్షరాలు చదవాలి. అన్నిటికన్నా ముందు వేళ్లు లెక్కపెట్టాలి. "చేతులు వెయ్యడం ఏఐకి ఇప్పటికీ రాదు. ఆరైనా వేస్తుంది, నాలుగైనా వేస్తుంది. వేళ్లు చూడండి చాలు." నిజానికి ఆ చిట్కాకి అప్పటికే వయసు మీరింది, కొత్త మోడళ్లు వేళ్లు బుద్ధిగానే వేస్తున్నాయి. కానీ మా గ్రూపుకి అది వేదమైపోయింది. పెళ్లి ఫొటోలు పెట్టినా వేళ్లు లెక్కపెట్టాకే అక్షింతలు.

ఈ లోపు నెట్ మొరాయించడం మొదలుపెట్టింది. సాయంత్రమైతే చాలు, బొమ్మ సగం వచ్చి ఆగిపోతోంది. విద్యార్థుల వీడియోలు తిరుగుతూనే ఉంటాయి. కారణం పెద్ద రహస్యం కాదు. ఫైబర్‌లో పోయేది కరెంటు కాదు, వెలుతురు. వెంట్రుక మందం గాజుదారంలో అది లోపల్లోపలే గోడలకి తగిలి వెనక్కి మళ్లుతూ ముందుకి సాగుతుంది. దారం మరీ మెలిపడితే ఆ మెలిక దగ్గర కొంత బయటికి కారిపోతుంది. వేసవి గాలులకి కొమ్మ ఊగుతోంది, కొమ్మతోపాటు మా కేబుల్ వంగుతోంది.

మంగళవారం రాత్రి గ్రూపులోకి రెండు లింకులొచ్చాయి. ఒకటి అడవిని కాపాడమని అర్జీ. రెండోది నెట్ కంపెనీ యాప్‌లో ఫిర్యాదు. రెండూ పంపింది 404 గారే. "ఒక్కరు పెడితే కదలరు. ప్రతి ఫ్లాటూ పెట్టాలి. రెండూ రెండు నిమిషాల పని." మా వాళ్ల ఐకమత్యం చూడాలి ఆ రాత్రి. అర్జీ మీద ఎన్ని సంతకాలు పడ్డాయో, ఫిర్యాదులూ అన్నే పడ్డాయి. కారణం రాయమన్న గడిలో 203 మేడం రాసింది తర్వాత అందరం చూశాం. "అడవిని కాపాడే వీడియోలు అప్‌లోడ్ కావడం లేదు. అర్జెంటు. అడ్డం ఏముంటే అది తీసెయ్యండి."

గురువారం, ఏప్రిల్ 3. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. ధర్మాసనం ఫొటోలు చూసి ఊరుకోలేదు. పని వెంటనే ఆపమని చెప్పి, హైకోర్టు రిజిస్ట్రార్‌ని స్వయంగా వెళ్లి చూసిరమ్మంది. మధ్యాహ్నం మూడున్నరకల్లా నివేదిక ఇమ్మంది. సుమారు 100 ఎకరాలు అప్పటికే నేలమట్టమయ్యాయని తేలింది. తదుపరి ఉత్తర్వుల దాకా ఒక్క చెట్టు కొట్టకూడదంది.

మా గ్రూపులో అది పండగ. పొద్దున పదకొండు నుంచీ చప్పట్లు, దండాలు, జెండాలు. ఆ హోరు మధ్యలో వాచ్‌మన్ నంబరు నుంచి ఓ ఫొటో వచ్చింది. మామూలుగా అతను పెట్టేవి రెండే మాటలు, "ట్యాంకర్ వచ్చింది", "లిఫ్టు బంద్". ఇది ఫొటో. మసకగా ఉంది, అతని ఫోన్ కెమెరా అద్దం పగిలి ఏడాదైంది. వేపచెట్టు మీద ఒకడు, చేతిలో మోటారు రంపం, కింద తాడు పట్టుకుని ఇద్దరు. ఫొటో కింద ఓ వాయిస్ మెసేజ్. దాన్నెవరూ నొక్కలేదు. అందరూ ఆఫీసుల్లో ఉన్నారు, పక్కన మీటింగులు.

"వాచ్‌మన్ కొడుకు ఇంటర్ కదా, వాడి పనే అయ్యుంటుంది" అన్నారు 501 గారు. ఆయన ఇంట్లోనే ఉన్నారు. బాల్కనీలోకి వస్తే సరిపోయేది. రంపం చప్పుడు వినపడిందట గానీ, పక్క ప్లాటులో ఎప్పుడూ ఏదో ఒకటి కోస్తూనే ఉంటారు.

203 మేడం రాశారు. "ఐడియా బాగుంది. కంచ గచ్చిబౌలి ఆగకపోతే రేపు మన గేటు దాకా వస్తుందని సింబాలిక్‌గా. కానీ టైమింగ్ మిస్సయింది, మనం గెలిచేశాం కదా."

404 గారు మాత్రం పద్ధతిగా వెళ్లారు. ఫొటోని పెద్దది చేసి, రంపం పట్టిన చేతి చుట్టూ ఎర్ర సున్నా గీసి తిరిగి పెట్టారు. "నీడ ఓకే. అక్షరాలు లేవు. కుడిచెయ్యి చూడండి. నాలుగే వేళ్లు. క్లాసిక్ ఏఐ."

పది బొటనవేళ్లు లేచాయి. 302 మాస్టారు కూడా లేపారు, అవమానం తీర్చుకున్నట్టు. అడ్మిన్ గారు ఫొటోని, వాయిస్ మెసేజ్‌ని కలిపి తొలగించి, వాచ్‌మన్ ఇకపై గేటు సమాచారానికే పరిమితం కావాలని రాశారు.

మధ్యాహ్నం హైదరాబాద్ మీద ఆకాశం చిల్లుపడింది. ఆ జోరువానకి చార్మినార్ మీద నుంచే ఓ పెచ్చు ఊడి పడిందని ఆ రాత్రి టీవీలు చూపించాయి. అందరూ మోకాళ్ల లోతు నీళ్లలో కార్లు నడిపించుకుంటూ చీకటి పడ్డాక చేరారు. వైపర్ల మధ్యనుంచి గేటు కనబడటమే గగనం, దాని పక్కన ఏం లేదో ఎవరికి కనబడుతుంది? పైగా ఇంట్లోకి రాగానే ఓ ఆనందం ఎదురైంది. నెట్ పరిగెడుతోంది. కోర్టు విజయం వీడియోలు రెప్పపాటులో ఎక్కుతున్నాయి. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకి ఎన్ని నక్షత్రాలు?" అని కంపెనీ అడిగితే మా వాళ్లు ఐదుకి తగ్గలేదు.

తెల్లవారాక చూశారు. మోకాలెత్తు మోడు. కొమ్మలు కొట్టి వదిలేస్తే మళ్లీ పెరుగుతాయి, మళ్లీ రావాలి, అందుకని మొదలే తీసేశారు. కేబుల్ కొత్త ఇనుప గొట్టం మీద నిటారుగా, మెలిక లేకుండా ఉంది. ఇస్త్రీ ఆయన బండికి నీలం పట్టా కట్టుకుంటున్నాడు. వాల్టా చట్టం కింద అనుమతి తీసుకున్నారా అని 302 మాస్టారు అరిచారు. 501 గారు కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, ఫిర్యాదులు పెట్టిన ఫ్లాట్ల నంబర్లు ఒక్కొక్కటే చదివింది. తర్వాత అర్జెంటు కేసు కాబట్టి కారణం కూడా చదివింది. 203 మేడం లోపలికి వెళ్లిపోయారు.

కోపం ఎవరి మీదైనా దిగాలి కదా. వాచ్‌మన్ మీద దిగింది.

"కళ్ల ముందు చెట్టు కొడుతుంటే ఏం చేస్తున్నావయ్యా? ఫొటో తీసి గ్రూపులో పడెయ్యడానికి ఏం రోగం?" అన్నారు 501 గారు.

"పెట్టిన సార్. మీరే తీసేసిండ్రు."

అందరూ 404 గారి వైపు చూశారు. ఆయన జేబులోంచి ఫోన్ తీశారు. ఎర్ర సున్నా గీసిన ఫొటో ఇంకా అందులో ఉంది. వాచ్‌మన్‌కి దగ్గరగా పట్టి చూపించారు.

"మరి ఈ చెయ్యేంటి? నాలుగు వేళ్లేంటి?"

వాచ్‌మన్ ఫొటో వైపు చూడను కూడా లేదు.

"గదే సార్ వాయిస్‌ల చెప్పిన. ఆయనకు ఉన్నయే నాలుగు. ఐదోది పోయినేడు గదే రంపం కింద పోయిందంట."