మొక్క నాటితే పోలా!

పాపం చేస్తే పోగొట్టుకోవడానికి మన పెద్దలు కాశీకో రామేశ్వరానికో పోవాల్సి వచ్చేది. ఎంత శ్రమ, ఎంత ఖర్చు! మనకా బాధ లేదు. గుట్టను పిండి చేసినా, చెరువులో అపార్ట్‌మెంట్ లేపినా, తాతల నాటి మర్రిని కూల్చినా, నల్ల కవర్లో ఉన్న ఓ మొక్కను తెచ్చి గుంతలో దించి ఫొటో దిగితే సరి. లెక్క చెల్లు.

ఆ తంతు చూడముచ్చటగా ఉంటుంది. గుంత ముందురోజే ఎవరో తవ్వి పెడతారు. పక్కన ఎర్ర తివాచీ, కర్రకు రిబ్బన్ చుట్టిన కొత్త పార. సారు వస్తారు. మొక్క మీద ఒక చెయ్యి పడాలి, ఆ ఒక్క చేతి వెనక పద్దెనిమిది చేతులు పడతాయి. పైపైన మట్టి, బకెట్‌తో నీళ్లు. "సార్, ఇటు ఒక్కసారి" అని ఫొటోగ్రాఫర్ అంటే పోసిన నీళ్లే మళ్లీ పోస్తారు. చేతులు కడుక్కోవడానికి వేరే బకెట్, తుడుచుకోవడానికి తెల్ల తువాలు. కార్లు కదిలాక అక్కడ మిగిలేవి చింపిన నల్ల కవరు, ఖాళీ వాటర్ బాటిళ్లు, ఫ్లెక్సీ, మొక్క. మర్నాటికి మేకలొస్తాయి. వాటికి ప్రొటోకాల్ తెలియదు, ఫ్లెక్సీ వదిలేసి నేరుగా మొక్క దగ్గరికే పోతాయి. దాత పేరు రాసిన ఇనుప కంచె మాత్రం నాలుగేళ్లయినా చెక్కుచెదరదు, లోపల కాపాడటానికి ఏమీ లేకపోయినా.

వనమహోత్సవాన్ని 1950లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టారు. అప్పట్నుంచి ఏటా జులైలో నాటుతూనే ఉన్నాం. ఈమధ్య అది పరుగుపందెం అయింది. 2016లో ఉత్తరప్రదేశ్ ఒక్కరోజులో దాదాపు 5 కోట్ల మొక్కలు నాటి గిన్నిస్‌కెక్కింది. మరుసటేడే మధ్యప్రదేశ్ నర్మద ఒడ్డున 12 గంటల్లో 6 కోట్లు దాటించామంది. ఊరుకుంటారా? 2025లో ఉత్తరప్రదేశ్ ఒక్కరోజుకు 37 కోట్లంది. మనమేం తక్కువ తిన్లేదు, తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం లక్ష్యం 230 కోట్లు. ఈ అంకెలన్నీ కూడి చూడండి, ఈపాటికి మన పడగ్గదుల్లో కూడా చిరుతలు తిరుగుతుండాలి. తిరగట్లేదంటే మొక్కలదే తప్పు. నాటడం వరకే మన బాధ్యత, బతకడం వాటి వ్యక్తిగత విషయం.

కొన్ని బతికాయి, కాదనను. హైదరాబాద్ రోడ్ల నడుమ, కొత్త వెంచర్ల గేట్ల ముందు నిగనిగలాడే కోనోకార్పస్ చూడండి. త్వరగా ఎదుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, ఎలా కత్తిరిస్తే అలా ఒదుగుతుంది. ఇంతకన్నా ఆదర్శ పౌరుడు ఎక్కడ దొరుకుతాడు? పుప్పొడితో ఎలర్జీలొస్తాయని, వేర్లు పైపుల్లోకి దూరతాయని గుజరాత్ 2023లో నిషేధించింది. మన దగ్గరా ఇక వద్దన్నారు. ఎగబడి నాటినవాళ్లే ఇప్పుడు ఎగబడి నరుకుతున్నారు, నరికినచోట మళ్లీ మొక్క నాటుతున్నారు. ఉత్సవానికి ఉత్సవం, కాంట్రాక్టుకు కాంట్రాక్టు.

అసలు అడవి అంటే ఏమిటో తేల్చడంలో మన ప్రతిభ వేరు. ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారుకు తగ్గని నేల మీద పదో వంతు చెట్ల నీడ పడితే అది అటవీ విస్తీర్ణం. ఏ చెట్టు, ఎవరి చెట్టు అని అడగరు. పైనుంచి చూసే ఉపగ్రహానికి మామిడి తోటా ఒకటే, నల్లమలా ఒకటే. ఈ ఉదారబుద్ధితోనే 2023 నివేదికలో దేశంలో అడవులు, చెట్లు కలిపి 25.17 శాతానికి చేరాయి. లక్ష్యంగా పెట్టుకున్న 33 శాతం ఎంత దూరం? ఇంకో నాలుగు కొబ్బరితోటలు.

అదే హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి దగ్గరికొచ్చేసరికి మనకు ఎక్కడలేని నిక్కచ్చితనం పుట్టుకొచ్చింది. జింకలున్నాయి, నెమళ్లున్నాయి, కుంటలున్నాయి, కోట్ల ఏళ్ల బండరాళ్లున్నాయి. అయినా అది అడవి కాదట, రికార్డుల్లో లేదట. 2025 ఉగాది సెలవులు, కోర్టులకు తాళాలు. పచ్చడిలో వేపపువ్వు చేదు నాలుక మీదుండగానే సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న ఆ 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆగమనేలోగా దాదాపు వంద ఎకరాలు నున్నగా అయిపోయాయి. వెంటనే ప్రభుత్వం తీవ్రంగా స్పందించింది, ఏఐ బొమ్మల మీద. జింకలు పరుగెడుతున్నట్టు ఎవరో కంప్యూటర్లో బొమ్మలు చేశారని కేసులు పెట్టారు. బొమ్మలు కొన్ని ఉత్తవేనట, ఒప్పుకుందాం. బుల్డోజర్లు మాత్రం అసలువే.

కోర్టు ఆగమన్న తొమ్మిది రోజులకు, ఏప్రిల్ 12న, ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య కన్నుమూశారు. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు, 2017లో పద్మశ్రీ. మెడలో బోర్డు, జేబుల్లో విత్తనాలు, సైకిలు. ఆయన కోసం ముందురోజే గుంత తవ్విపెట్టినవాళ్లు లేరు, తువాలు పట్టుకు నిలబడ్డవాళ్లు అసలే లేరు. పెద్దలంతా ఘనంగా సంతాపం చెప్పారు. పర్యావరణానికి తీరని లోటన్నారు. వంద ఎకరాల లోటు సంగతి ఆ ప్రకటనల్లో పట్టలేదు, స్థలాభావం కావచ్చు.

చెట్టు కొట్టి మొక్కతో లెక్క చెల్లేసే ఈ శాస్త్రానికి పరాకాష్ఠ చూడాలంటే గ్రేట్ నికోబార్ దీవికి పోవాలి. అక్కడ ఓడరేవు, విమానాశ్రయం, నగరం కట్టడానికి 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యం ఇచ్చేశారు. పోయే చెట్లు సుమారు 9.64 లక్షలని 2023లో సర్కారు వారు చెప్పిన లెక్క. బదులుగా అడవి పెంచుతారు, ఎక్కడనుకున్నారు? హర్యానాలో! పంటి నొప్పికి పక్కింటాయన పన్ను పీకినా ఇంతకంటే దగ్గరే. నికోబార్ మెగాపోడ్ అనే పక్షి గుడ్ల మీద కూచోదు. ఇసుక, రాలిన ఆకులు కుప్పపోసి అందులో పెడుతుంది, ఎక్కువగా ఆకులు కుళ్లే వేడికే పిల్లలవుతాయి. దానికిప్పుడు హర్యానాకి రైలు టికెట్ కొనివ్వాలి. ముందు ఓడ ఎక్కించాలి, అది వేరే ఖర్చు. ఆ దీవిలోని గలాథియా తీరంలో గుడ్లు పెట్టే తోలువీపు తాబేళ్లు గురుగ్రామ్‌లో సముద్రం ఎటువైపని అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకోవాలి.

మనకు దగ్గర్లో హైదరాబాద్ నుంచి చేవెళ్ల పోయే దారి ఉంది. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా దాదాపు 900 మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసేస్తామంటే జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. చెట్టుకు పది మొక్కలు నాటితే చాలదా అనేవాళ్లకు మర్రికాయ చిదిమి చూపించాలి. లోపల ఆవగింజంత కందిరీగలుంటాయి. అవి లేకపోతే మర్రికి గింజ కట్టదు, మర్రి లేకపోతే వాటికి పుట్టిల్లు లేదు. చెట్లన్నీ ఒకేసారి కాయవు గనక, వేరే పళ్లు దొరకని నెలల్లోనూ ఎక్కడో ఓ మర్రి పక్షులకు అన్నం పెడుతూనే ఉంటుంది. ఇప్పుడు పది మొక్కలు నాటి, అవి కాపుకొచ్చేదాకా ఆగమని గోరింకలకు నోటీసు పంపిస్తే అవి సంతకం పెట్టి తీసుకుంటాయా?

జులై మళ్లీ వస్తుంది, తివాచీ మళ్లీ పరుస్తారు. వద్దనను, పదిమందికి టీలు, సమోసాలు దొరుకుతాయి. ఒక్కటే మనవి. ఈసారి ఫ్లెక్సీ మీద నాటబోయే మొక్కల సంఖ్య వద్దు. పోయినేడు నాటినవాటిలో బతికున్నవి ఎన్నో అది రాయించండి. ఫ్లెక్సీ చిన్నదే సరిపోతుంది, మీకూ ఖర్చు కలిసొస్తుంది.