టై విప్పిన కోచ్

ఇప్పటి ఐస్ హాకీ కోచ్‌లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సూటు వేసుకుని బెంచీ వెనక నిలబడి టాబ్లెట్‌లోకి చూస్తుంటారు. అవతలివాళ్ల గోల్ పడగానే, అది ఆఫ్‌సైడా కాదా అని వీడియో గదిలోంచి కబురు రావాలి. అప్పటిదాకా చాలెంజ్ చెయ్యాలో వద్దో తేలదు. పవర్ ప్లేకి ఒక కోచ్, డిఫెన్స్‌కి ఒకడు, గోలీలకు ఇంకొకడు. వీళ్లందర్నీ కలిపినా ఒక్క లెస్టర్ పాట్రిక్ కాడు.

డెబ్బయ్యో దశకంలో నేను టొరొంటో వచ్చేసరికి హెల్మెట్ లేకుండా ఆడేవాళ్లు ఇంకా చాలామంది ఉండేవారు. నాతో పనిచేసే కెనడా ముసలివాళ్లు పాట్రిక్ పేరెత్తితే ఇంటిపెద్దను తలుచుకున్నట్టు మాట్లాడేవారు. ఎందుకు మాట్లాడరు? మాంట్రియల్ వాండరర్స్ తరఫున 1906లోనూ, 1907లోనూ స్టాన్లీ కప్ గెలిచినవాడు. డబ్బు తీసుకుని ఆడిన తొలితరం ఆటగాడు. ఆ తర్వాత తండ్రి కలప వ్యాపారం అమ్మగా వచ్చిన డబ్బుతో, తమ్ముడు ఫ్రాంక్‌తో కలిసి 1911లో పశ్చిమ తీరంలో లీగే పెట్టేశాడు. మంచు గడ్డకట్టని ఊళ్లని విక్టోరియా, వాంకూవర్‌లలో యంత్రాలతో మంచు పోయించి రింకులు కట్టించాడు. ఈనాడు అందరూ చూసే బ్లూ లైన్లు ఆ అన్నదమ్ముల లీగులో పుట్టినవే. గోలీ మంచు మీద పడి పక్‌ని ఆపొచ్చన్నదీ వాళ్లే.

ఇక 1928 ఏప్రిల్ 7. అప్పటికాయన న్యూయార్క్ రేంజర్స్ కోచ్, మేనేజర్. మాంట్రియల్ మరూన్స్‌తో ఫైనల్ రెండో మ్యాచ్. నెల్స్ స్టీవర్ట్ కొట్టిన పక్ గోలీ లార్న్ షాబో కంటికి తగిలింది. జట్టుకి రెండో గోలీ అంటూ లేని కాలం. ఒట్టావా గోలీ అలెక్ కానెల్ ప్రేక్షకుల్లోనే ఉన్నా, అతన్ని దింపడానికి మరూన్స్ కోచ్ ఒప్పుకోలేదు. అప్పుడు పాట్రిక్ తనే ప్యాడ్లు కట్టుకున్నాడు. వయసు 44, జుట్టు నెరిసింది, ముఖానికి మాస్కు లేదు. ఆటగాళ్లు ప్రాణం పెట్టి ఆయనకు అడ్డం నిలిచారు. లోపలికి పోయింది ఒక్క గోల్, అదీ స్టీవర్ట్‌దే. ఓవర్‌టైమ్‌లో ఫ్రాంక్ బుషే కొట్టిన గోల్‌తో రేంజర్స్ 2-1తో గెలిచింది. రేంజర్స్ సొంత రింకైన న్యూయార్క్ గార్డెన్‌లో సర్కస్ ఉండడంతో సిరీస్ మొత్తం మాంట్రియల్‌లోనే జరిగింది. అయినా 3-2తో కప్పు పట్టుకెళ్లారు. ఇప్పుడు సొంత రింకులో ఒక మ్యాచ్ ఎక్కువ దొరకడానికే సీజనంతా కిందామీదా పడతారు.

మా మనవడు ఊరుకోడు. “తాతయ్యా, 2020లో డేవిడ్ ఏర్స్ దిగలేదా? ఆయనకీ 42 ఏళ్లేగా!” అంటాడు. దిగాడు, కరోలినాని గెలిపించాడు. మా టొరొంటో ఓడిపోయినా లేచి చప్పట్లు కొట్టాను. కానీ నాయనా, ఏర్స్ గోలీ. ప్రాక్టీసుల్లో ప్యాడ్లు కట్టే మనిషి. కోచ్‌గా జీతం తీసుకునే పెద్దమనిషి ఒక్కడు టై విప్పి గోల్ ముందుకు వెళ్లింది చూపించు, అప్పుడు ఒప్పుకుంటాను.