కెపాసిటర్ల లెక్కకు టీకాతాత్పర్యములు

మూలము: 3, 6 మైక్రోఫారడ్ల కెపాసిటర్లను శ్రేణిలోఁ గూర్చి 9 వోల్టుల బ్యాటరీకిఁ దగిలించిరి. ఆవేశ మెంత? వోల్టేజి యెంత? శక్తి యెంత? పిదప బ్యాటరీని తొలఁగించి, కెపాసిటర్లను విడదీసి, సజాతి ఫలకములను గలిపిన శక్తి యెంత?

టీక: శ్రేణిలోన్ = కొమ్మ చీలని యొకే దారిలో; బ్యాటరీకిన్ = వోల్టేజి మార్చుకొనని ఘటమునకు; ఎంత = పరీక్షకుఁడు తానెఱిఁగియు నడుగు మాట. ‘మొదట ఆవేశరహితములు’ అనునది అధ్యాహార్యము. మూలకారుఁడు చెప్పకున్నను గ్రహింపవలయును.

తాత్పర్యము: రెండు కెపాసిటర్ల నడుమ నొండొంటితోఁ గలిసియున్న ఫలకద్వయము వెలుపలి తీఁగలతో నేసంబంధమును లేని ద్వీపము గావున, అందొక ఫలకమున ఋణావేశము చేరినచో రెండవదాన నంతియే ధనావేశము మిగులక తప్పదు, అందుచేత శ్రేణిలోని కెపాసిటర్లు చిన్నదైనఁ బెద్దదైన సమానావేశమునే ధరించును. వ్యుత్క్రమములఁ గూడఁగాఁ దుల్యకెపాసిటెన్సు 2 మైక్రోఫారడ్లు. దానిని 9 చే గుణింప ఆవేశము 18 మైక్రోకూలుంబులు. దీనిని 3 చే భాగింప 6 వోల్టులు, 6 చే భాగింప 3 వోల్టులు. చిన్నదానికిఁ బెద్ద వోల్టేజి యెట్లని శంకించి తాఱుమాఱు చేయువారు పెక్కండ్రు. ఆవేశవోల్టేజీల లబ్ధమున సగము శక్తి గాన వరుసగా 54, 27, వెరసి 81 మైక్రోజౌళ్లు.

విశేషము: బ్యాటరీ వెచ్చించినది 162 గదా, తక్కిన సగ మేమాయెనని పూర్వపక్షము. తీఁగల నిరోధమున వేఁడియై పోయినదని సమాధానము. నిరోధమును దగ్గించినచో నష్టము దగ్గునను నాశ వలదు; పోవుట త్వరపడునే కాని పోవునది తగ్గదు.

ఇఁక సజాతి శబ్దము. ధనఫలకమును ధనఫలకముతో, ఋణఫలకమును ఋణఫలకముతోఁ గలిపిన, 36 మైక్రోకూలుంబులు 9 మైక్రోఫారడ్లపైఁ బఱచుకొని రెంటికిని 4 వోల్టులు సమకూర్చును, శక్తి 72. ఆవేశము చెక్కుచెదరలేదు, శక్తి మాత్రము 9 మైక్రోజౌళ్లు తఱిఁగినది. కావున ఇచ్చట శక్తిని నిత్యమని పట్టుకొని లెక్క నారంభించువాఁడు తొలి యడుగుననే తప్పును. విజాతి ఫలకములను గలిపితిమేని 18 యును 18 యును బరస్పరము రద్దయి, ఆ 81 మైక్రోజౌళ్లును నిశ్శేషముగా హరించిపోవును. ఈ యొక్క విశేషణమును ప్రశ్నపత్రమున విడిచిన పరీక్షకుఁడు 72 అని వ్రాసినవానికిని, సున్న యని వ్రాసినవానికిని సమానముగా మార్కు లీయవలసినదే.